మా అక్క తన మీద తానే పెట్టుకున్న కేసు

ఈ రోజు ప్రొద్దుటూరులో మా అక్క ఇంట్లో నేనో వెధవ పని చేశాను.

అక్క కూతురు స్వాతికి పన్నెండో ఏటే షుగరు వచ్చింది. ఇప్పుడు ఆ జబ్బు మీదే పరిశోధన చేస్తోంది. దాని ల్యాప్‌టాప్‌లో జీన్ల పేర్లు, పక్కన మార్కులు కనిపించాయి. మొదటిదానికి 0.92. నా నోరు ఊరుకుంటుందా?

“అక్కా, దొంగ దొరికినాడు! నూటికి తొంభై రెండు మార్కులు. పాపకు షుగరు మన వంశం నుంచే పోయిందంట!”

తిడుతుందనుకున్నాను. అక్క చపాతీ పిండి వదిలేసి కళ్లు తుడుచుకుంది. “నాకెప్పుడో తెల్సురా. నా బిడ్డకు నేనే ఇచ్చినా.”

స్వాతి నా మీదికి లేచింది. “నీకేం తెల్సు మామా? ఆ మార్కులు జీనుకు, మనిషికి గాదు. వేలమందిని పరీక్ష చేస్తే జబ్బున్నోళ్ల డీఎన్‌ఏలో ఒకచోట తేడా కనపడింది. ఆడ పక్కపక్కనే శానా జీన్లుండాయి. వాటిల్లో దేని మీద అనుమానం ఎక్కువో ఈ పట్టిక చెప్తాది, అంతే. నాకెవరిచ్చినారో చెప్పదు.”

అక్క ఆలోచించింది. “ఎఫ్ఐఆర్‌లో ఏ-వన్ మాదిరా? ఊర్లో కొట్లాటకు నాయన్ను ఏ-వన్ జేసినారు. ఆ పొద్దు ఆయన తొండూరులో పెండ్లిభోజనం తింటాన్యాడు.”

“అంతేమా. పేరు రాసినారు, రుజువు గాలే.”

“అయితే దాంట్లో నా పేరు లేదా పాపా?”

“యాడా లేదుమా. నువ్వే చూసుకో.”

ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మా అక్క, కళ్లద్దాలు పెట్టుకుని ఆ పట్టికను చివరిదాకా చూసింది.

మీ ఇళ్లల్లోనూ ఇలా తమ మీద తామే కేసు పెట్టుకున్నవాళ్లు ఉన్నారా? అడిగి చూడండి. నాలాగా ఎగతాళిగా మాత్రం వద్దు.