తలుపులు తెరిచిన ఆట

విజిల్ ఊదే వ్యక్తికి ఇష్టాయిష్టాలు ఉండరాదని వ్యాయామ విద్యా కళాశాలలో మా గురువులు నేర్పారు. ఫౌల్ చేసిన క్రీడాకారిణి చేయి నిటారుగా పైకెత్తి, ఆ తప్పు తనదేనని టేబుల్ వద్ద కూర్చున్న అధికారులకు తెలియజేయాలని కూడా వారే నేర్పారు. ఇప్పటి నిబంధనలు ఆ మర్యాదను కోరవు. నేను కోరతాను. అందుకే ఇక్కడి అమ్మాయిలు నా ఆటలో చేయెత్తడం అలవాటు చేసుకున్నారు.

సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో ఒక భారతీయ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేసిన తరువాత నాకు ఈ పిలుపు వచ్చింది. మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ అప్పుడే మొదలవుతోంది. రిఫరీలుగా స్త్రీలు దొరకడం లేదు. బడి ప్రహరీల వెనుక ఆడుకుంటూ పెరిగిన అమ్మాయిలు ఒప్పందాల మీద సంతకాలు చేసి, జీతం తీసుకుని ఆడబోతున్నారని విన్నప్పుడు నేను వెంటనే నమ్మలేదు. మొదటి ఆటకు వెళ్లి, వాళ్ల పేర్లు ముద్రించిన జెర్సీలు చూసి నమ్మాను.

తొలి ఆటలన్నీ మూసిన తలుపుల వెనుకే జరిగాయి. హాలులోకి పురుషులు రారు. అమ్మాయిలు వస్తూనే ఒళ్లంతా కప్పే నల్లని అబాయాలనూ తల ముసుగులనూ గోడకున్న కొక్కేలకు వరుసగా తగిలించి, జడలు బిగించుకుని కోర్టులోకి దిగేవారు. ఆ వరుస ఎంత క్రమంగా ఉండేదంటే, నాకు ఎవరినీ మందలించే అవసరం కలగలేదు.

సీజన్ మధ్యలో లీగ్ నిర్వాహకురాలు ఒక నిర్ణయం ప్రకటించింది. దమ్మామ్, హుఫూఫ్ ఊళ్ల జట్ల మధ్య జరిగే ఆటకు కుటుంబాలను అనుమతిస్తారు. తండ్రులు, అన్నదమ్ములు, భర్తలు మొదటిసారిగా హాలులో కూర్చుంటారు.

హుఫూఫ్ జట్టు కెప్టెన్ ముప్పై ఏళ్ల మనిషి. ఈ లీగ్ కోసం టీచరు ఉద్యోగం మానుకుంది. ఇక్కడ ఉపాధ్యాయినులను పిలిచే పద్ధతిలో నన్ను ‘అబ్లా’ అనేది. ఆ రోజు ఆటకు ముందు నా దగ్గరికి వచ్చి, మొదటి వరుసలో కూర్చున్న ఒక వృద్ధుణ్ణి చూపించింది. ఖర్జూరపు తోటల్లో పనిచేసి నల్లబడిన చేతులు, ఇస్త్రీ మడత చెదరని, మడమల దాకా దిగే తెల్లని తోబు.

“మా నాన్న, అబ్లా. బడి రోజుల నుంచీ నన్ను ఆటకు దింపి, గోడ అవతల పికప్ బండిలో కూర్చునేవారు. ఇన్నేళ్లూ బంతి చప్పుడే విన్నారు. నా ఆట చూడలేదు.”

“ఇవాళ చూస్తారు. వెళ్లి వరుసలో నిలబడు,” అన్నాను.

ఆటకు ముందు నేను ప్రతి క్రీడాకారిణినీ పరీక్షిస్తాను. ఉంగరాలు, చెవిపోగులు, గట్టి వస్తువులేవీ ఒంటి మీద ఉండకూడదు. ఆ రోజు పురుషులు ఉన్నారు కనుక అందరూ ముసుగులతో వచ్చారు. ఆట కోసం తెప్పించిన, తలకు తొడుక్కునే ముసుగుల పెట్టె ఇంకా ఓడరేవులోనే ఉంది. అందుచేత అందరూ ఇంటి ముసుగులే కట్టుకున్నారు. ప్రతి గడ్డం కింద ఒక పిన్ను మెరుస్తోంది. మూసిన తలుపుల వెనుక ఆడిన మాకెవరికీ ఈ సంగతి తోచనేలేదు.

“పిన్నులతో ఆట లేదు,” అన్నాను.

జట్ల వైద్యురాలు కరీంనగర్ వైపు మనిషి. మందుల పెట్టె మీద కూర్చుని అంతా చూస్తోంది. “అమ్మా, పిన్ను ఎంతుంటది? గింత. చూసీ చూడనట్టు ఇడిసిపెట్టరాదు?”

“కంటిపాప కూడా అంతే ఉంటుంది, డాక్టరుగారూ.”

“అబ్బ! మీతోని మాట్లాడుడు కంటె గోడకు బంతి కొట్టుడు నయం. అది తిరిగన్న వస్తది.”

నిర్వాహకురాలు సులువైన మార్గం చెప్పింది. పురుషులను బయటకు పంపి తలుపులు మూస్తే, అమ్మాయిలు ఎప్పటిలాగే ముసుగులు తీసి ఆడవచ్చు. నిబంధనకు భంగం లేదు. నాకు అభ్యంతరం చెప్పే అధికారమూ లేదు. కెప్టెన్ తన తండ్రి వైపు చూడలేదు. నా వైపే చూసింది.

“పిన్ను లేకుండా నిలబడితే ఒప్పుకుంటారా, అబ్లా?”

“నిలబడితే ఒప్పుకుంటాను. జారితే ఆట ఆపుతాను.”

టేపు అంటించి చూశారు; గుడ్డకు పట్టలేదు. ముడి వేసి చూశారు, మెడకు బిగుసుకుంది. నిర్వాహకురాలు తలుపు వైపు నడవబోతుండగా డాక్టరు పెట్టె తెరిచింది. గాయాలకు కుట్లు వేసే సూది, దారం బయటకు తీసింది.

“ఇగో, గింత చదువు చదివింది ముసుగులు కుట్టేటందుకే. దా బిడ్డా, కూసో. కదిలితే గదువకే కుట్టు పడ్తది, మల్ల నన్ననొద్దు.”

కెప్టెన్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా రాయిలా కూర్చుంది. డాక్టరు ఒక వేలు గడ్డం కింద అడ్డుపెట్టి నాలుగు కుట్లు వేసి దారం తెంపింది. కెప్టెన్ లేచి మరో సూది అందుకుని, దమ్మామ్ జట్టు అమ్మాయి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆ అమ్మాయి గడ్డం పైకెత్తింది. కాసేపట్లో ఒకరినొకరు ఓడించడానికి వచ్చిన వాళ్లు ఒకరి గొంతు దగ్గర ఒకరు సూది పట్టుకుని, ఊపిరి బిగబట్టి కుడుతున్నారు. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో క్రమశిక్షణ గల జట్లను చూశాను. అటువంటి నిశ్చలత చూడలేదు.

ఒక్కొక్క ముసుగునూ పట్టుకుని లాగి చూశాను. ఒక్కటీ జారలేదు. ఆట మొదలుపెట్టాను.

ప్రేక్షకులకు ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియదు. తెల్లని తోబుల వరుసలు నమాజుకు కూర్చున్నంత మౌనంగా ఉన్నాయి. బంతి చప్పుడు, బూట్ల కీచుమనే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆ వృద్ధుడు మోకాళ్ల మీద చేతులుంచి, తల కొంచెం పక్కకు వంచి, ఇన్నేళ్లూ విన్న చప్పుడును ఇప్పుడు కళ్లతో పోల్చుకుంటున్నట్లు చూస్తున్నాడు.

కొంతసేపటికి కెప్టెన్ ప్రత్యర్థిని ఢీకొట్టింది. స్పష్టమైన ఫౌల్. విజిల్ ఊదాను. ఆమె టేబుల్ వైపు తిరిగి, నేను నేర్పిన విధంగా, చేయి నిటారుగా పైకెత్తింది.

మొదటి వరుసలో ఆమె తండ్రి లేచి నిలబడ్డాడు. హాలంతా ఆగి చూస్తుండగా కూతురు చేయెత్తింది. అది గెలుపు కాక మరేమవుతుందని అనుకున్నాడు కాబోలు. తన నల్లని చేతిని అంతే నిటారుగా పైకెత్తాడు. ఆయనను చూసి పక్కనున్న వారు, వారి వెనుక వరుసల వారు లేచి చేతులెత్తారు. మౌనంగా కూర్చున్న హాలు ఒక్కసారిగా చప్పట్లతో దద్దరిల్లింది. ఎంత మంది తండ్రులు, ఎన్ని చేతులు! ఫౌల్ ఎవరిదో టేబుల్‌కు సైగ చేయవలసిన నేను వేళ్లు కదపలేక ఒక క్షణం అలాగే నిలబడిపోయాను.

డాక్టరు వెనక నుంచి అననే అంది: “అమ్మా, టైము నడుస్తలేదు, మీరు నడువుండ్రి.”

కెప్టెన్ జట్టు ఓడింది. ఆమె చివరి వరకు ఆడింది కాని, ఇంకొక్క ఫౌల్ చేసి ఉంటే, అది ఐదోది కనుక, బయటకు పంపవలసి వచ్చేది.

ఆట ముగిశాక, కుట్లు విప్పించుకోకుండానే తండ్రిని నా దగ్గరికి తీసుకువచ్చింది. ఆయన అరబ్బీలో ఏదో గర్వంగా అడిగాడు. కెప్టెన్ చెవుల దాకా ఎర్రబడింది. నేల వైపు చూస్తూ ఇంగ్లీషులోకి అనువదించింది.

“‘మా అమ్మాయి నాలుగు సార్లు చేయెత్తింది, నేను లెక్కపెట్టాను, నిజమేనా?’ అని అడుగుతున్నారు, అబ్లా.”

ఆయన నా జవాబు కోసం నిలబడి ఉన్నాడు. నేను జీవితంలో ఏ స్కోరునూ దిద్దలేదు.

“నిజమే,” అన్నాను. “నాలుగు సార్లు. ప్రతిసారీ నిటారుగా.”