కొంచెం కష్టమేమో

మేముండే టకానిని ఊళ్ళో మా పక్కింటి జపాన్ ఆంటీ ఎవరినీ కాదనేది కాదు. తల కొద్దిగా వంచి, నవ్వి, "కొంచెం కష్టమేమో" అనేది, అంతే. మన దగ్గర ఆ మాటంటే ఇంకోసారి అడగమని. అందుకే కొత్త ఫెన్స్‌కి అడ్డొస్తోందని, ఆవిడ పెర్సిమన్ పళ్ళచెట్టు కొట్టించనా అని అడుగుతూనే పోయాను. ఆ నవ్వు చూసి ఒప్పుకుందనుకుని, ఓ శనివారం పొద్దున రంపంతో మనిషిని పిలిపించాను.

ఆంటీ ట్రేలో టీ తెచ్చి మా ఇద్దరికీ ఇచ్చి, చెట్టుకు ఆనుకుని నిలబడింది.

"తాగండి, చల్లారిపోతుంది."

తాగాం. ఆవిడ నవ్వుతూనే ఉంది, కదల్లేదు. అతను రంపం తీసుకెళ్లి వ్యాన్‌లో పెట్టేశాడు. మా ఫెన్స్ చెట్టు చుట్టూ వంకర తిరిగింది.

నిరుడు ఆంటీ పోయింది. ఆ ఇల్లు కొన్నవాళ్ళు మొన్న వచ్చి, చెట్టు తీసేసి ఫెన్స్ సరిచేద్దామన్నారు. వాళ్ళకి టీ పెట్టిచ్చి, తల కొద్దిగా వంచి, "కొంచెం కష్టమేమో" అన్నాను.