మెరక మీద ఇళ్లు చూసిన ఆఫీసర్ గారు

ఆఫీసర్ గారు పోయారని సోమవారం పొద్దున్న కొట్టు షట్టరు ఎత్తుతుండగా పాస్టరు గారు ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే పోయారట. కైకలూరులో మాది చేపల మేత కొట్టు, ఆయనది ఎదురిల్లు. రిటైరయ్యాక రోజూ నా కొట్లోనే స్టూలు మీద కూర్చుని టీ తాగేవారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన ఎయిర్‌ఫోర్సులో విమానాలు నడిపినాయన కాదండీ, దాడులకు ప్లాన్లు వేసినాయన. ఏ విమానం ఎప్పుడు లేవాలి, ఏ ఉపగ్రహం ఎన్నింటికి నెత్తి మీదికొస్తుంది, అది తీసిన ఫోటోలో ఏ భవనం కప్పు మీద గుర్తు పెట్టాలి, అదీ ఆయన ఉద్యోగం.

ఒకరోజు టీవీలో ఏదో పరాయి దేశం మీద బాంబులు పడుతున్నాయి. కొట్లో అందరూ క్రికెట్ చూసినట్టు చూస్తున్నారు.

"అబ్బ, ఆ బిల్డింగు ఎలా ఎగిరిపోయిందో చూశారా సార్! మీరూ ఇలాంటివి చేయించారా?" అన్నాడో రైతు.

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు.

"ఫోటోలో ఒక పైకప్పు చూసి ఆయుధాల గోడౌనని రాశానండీ. తీరా అది బడి. ఆ రోజు మంచు పట్టి విమానాలు లేవలేదు, అంతే. పిల్లలు బతికింది మంచు వల్ల, నా తెలివి వల్ల కాదు. దీనికి చప్పట్లేంటండీ? రోతగా లేదూ?"

టీవీ నేనే కట్టేశాను.

తర్వాత కొల్లేట్లో అక్రమ చెరువుల గట్లు కొట్టేసే రోజులొచ్చాయి. సర్కారువాళ్లు ఉపగ్రహం ఫోటో చూసి కొట్టేయాల్సిన గట్ల లిస్టు రాశారు. సరస్సు మధ్య మెరక మీదున్న ఎనిమిది గుడిసెల్నీ చెరువు గట్టేనని రాసేశారు. అక్కడుండే చేపలు ఏరే ఆవిడ ఏడుస్తూ నా కొట్టుకొచ్చింది. ఆయన ఆ ఫోటో తెప్పించి భూతద్దం పెట్టారు.

"వరసగా ఎనిమిది నీడలున్నాయి. ఉత్త గట్టుకి ఇలా పడవు. ఇవి ఇళ్లమ్మా."

ఆయన వెంట ఏలూరు ఆఫీసుకి నేనూ వెళ్లాను. "శాటిలైట్ అబద్ధం చెప్పదండీ" అన్నాడు అక్కడి కుర్రాఫీసరు.

"శాటిలైట్ ఏమీ చెప్పదు బాబూ, మనమే చెప్పిస్తాం. నేనూ అలాగే చెప్పించాను. లేవండి, నడిచి చూద్దాం."

మూడు రోజులు తిప్పించుకున్నారు. నాలుగో రోజు పొక్లెయిన్ వచ్చేసరికి ఆయన మెరక మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చివరికి కుర్రాఫీసరు మోకాలి లోతు బురదలో వచ్చి, గుడిసెలు చూసి, లిస్టులోంచి కొట్టేశాడు.

ఆ వారమే ఇంకోటి జరిగింది. పెద్ద చెరువుల ఆసామి ఒకాయన ఐసుపెట్టెలో రొయ్యలు పట్టుకొచ్చాడు.

"మా చెరువులోనూ ఓ నాలుగు నీడలు చూపించండి సార్. మీరు చెబితే నమ్ముతారు."

"పెట్టె తీసుకెళ్లండి. కంపు కొడుతోంది" అన్నారాయన. అప్పుడే పట్టిన రొయ్యలండీ అవి!

అయినా ఆసామి చెరువు లిస్టులోంచి ఎలాగో మాయమైంది. అతనికి మేత అమ్మడం నేనూ మానలేదు. అదీ చెప్పాలి కదా.

మొన్న సమాధుల దగ్గర అదే ఆసామి యుద్ధవిమానం బొమ్మతో ఫ్లెక్సీ కట్టించాడు, శత్రువుల్ని మట్టి కరిపించిన వీరుడని. మెరక మీదివాళ్లు పని బట్టల్తోనే ఆటోలో వస్తే, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని పక్కకి జరిగాడు.

శవపెట్టె గోతిలోకి దించాక అందరం తలో గుప్పెడు మట్టి వేశాం. పొడి మట్టి, పాలిష్ చెక్క మీంచి జారిపోయింది. చేపలు ఏరే ఆవిడ మాత్రం కొంగు ముడి విప్పి, తమ మెరక నుంచి తెచ్చిన తడి నల్లమట్టిని పిడికిట్లో నొక్కి వేసింది. అది మూతకి అతుక్కుపోయింది. వంగి చూశాను. ఆ ముద్ద మీద ఆవిడ వేళ్ల అచ్చులు స్పష్టంగా కనిపించాయి.