కెప్టెన్ లేని సినిమా

ఆళ్లగడ్డలో ఫొటో స్టూడియో నడిపే మోషేకు టీవీలో వచ్చే ఒక అంతరిక్ష నౌక సీరియల్ అంటే ప్రాణం. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చిన ముసలమ్మకైనా, ఆ సీరియల్లోని కెప్టెన్ మాదిరి గడ్డమెత్తమని చెబుతాడు. తనూ అలాగే చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. ఈమధ్య అందులోని వంటామెను నాయికగా పెట్టి సినిమా తీశారు. కెప్టెన్ లేడు. మోషే మొదటిరోజే చూసొచ్చి, అభిమానుల వాట్సాప్ గ్రూపులో "ఎవురూ పోవాకండప్పా" అని రాశాడు. నంద్యాల ఆర్షియా మాత్రం బాగుందని వాదించింది. వారమంతా ఇద్దరికీ పోట్లాటే.

ఆదివారం ప్రార్థన కాగానే, నంద్యాలలో పనుందని భార్యతో చెప్పి బస్సెక్కాడు. సినిమాహాల్లో ఇంటర్వెల్ అప్పుడు సమోసాల వరుసలో నిలబడి ఉంటే, గ్రూపులో ఫొటో చూసిన గుర్తుతో ఆర్షియా పలకరించింది.

"ఏందన్నా, ఈడుండావ్?"

"ఇంకా ఏమన్నా తప్పులుండాయేమోనని చూస్తాండా."

"దొరికినాయా?"

మోషే వెనక కట్టుకున్న చేతులు విప్పేశాడు. "చివర్లో వంటామె ఒక్కతే నౌకను ఇంటికి తోలుకపోతాది సూడు. మొన్న ఆ సీన్లో నాకు కెప్టెన్ గుర్తుకే రాలేదుమ్మా. అదే బాధ."

ఆర్షియా నవ్వలేదు. "గ్రూపులో చెప్పన్లేన్నా. బేగా రా, ఆట మొదలైతాంది" అంది.