కుడిచెవి వైపు రోడ్డు

నా ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. కంప్యూటర్ పని అంటే చాలు, పెళ్ళిళ్ళలో నన్ను పక్కకి పిలిచి ప్రింటరు పాడైందని చెబుతారు. నేను రాసేవి తెర మీద కనిపించే ప్రోగ్రాములు కావు. బట్టలుతికే మిషన్‌లోనో, కరెంటు మీటర్‌లోనో ఉండే చిన్న చిప్పుకి ఎప్పుడు మేలుకోవాలో, ఏ మోటారు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో చెప్పడం నా పని. ఆఫీసు బెంగళూరులో. నేను బరంపురంలో, స్టేషన్‌కి దగ్గరగా ఒక అద్దె ఇంట్లో.

మాకు కారు లేదు. కొనలేక కాదు, మొండితనం. పెద్ద బజారు, స్టేషను, అత్తవారిల్లు, అవసరానికి మించి డాక్టర్లు, అన్నీ సైకిలు దూరంలోనే ఉన్నాయి. బజారు సందులో కారు దూర్చినవాడు ముందుకీ పోలేడు, వెనక్కీ రాలేడు. ఊరంతా తనకే అడ్డం వచ్చిందన్నట్టు లోపల కూర్చుని హారన్ మాత్రం కొడతాడు. వాడిలా తయారవడం నాకు ఇష్టం లేదు. మా ఆవిడ అన్న, మా బావ, బట్టల కొట్టు నడుపుతాడు. నన్ను చూసినప్పుడల్లా ఒకటే పాట.

"ఇంత సదువుకున్నావు, ఈ సైకిలేటి బావా? మా కొట్లోవోళ్ళంతా నవ్వుతన్నారు."

"నవ్వనీ బావా. వాళ్ళకీ కాస్త కాలక్షేపం కావాలి కదా" అనేవాణ్ణి.

మా ఆవిడది నాకన్నా పెద్ద సైకిలు పిచ్చి. మేమిద్దరం ఒకే కాలేజీలో చదువుకున్నాం. అందుకే నలుగురిలో "మీరు" అన్నా ఇంట్లో నన్ను "నువ్వు" అనే అంటుంది. ఆమె చిన్నపిల్లలకి లెక్కలు చెప్పే టీచరు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో సర్దుకుంటూ ఆటోల మధ్యనుంచి ఆమె దూసుకుపోతుంటే వెనక నేను బ్రేకులు పట్టుకుని నిలబడిపోయేవాణ్ణి.

ఒక వానాకాలం పొద్దున లేచేసరికి ఆమె కుడిచెవి మూసుకుపోయింది. నీళ్ళు పోయాయేమో అనుకున్నాం. మందులు వాడాం, పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. చివరికి డాక్టరు మెత్తగానే చెప్పాడు, ఆ చెవి ఇక తిరిగి రాదని. ఎడమచెవి బాగానే ఉంది కాబట్టి పరవాలేదని చుట్టాలు ధైర్యం చెప్పారు. వాళ్ళకి తెలియనిది ఒకటుంది. ఒక చెవి పోతే వినికిడి సగమవడం కాదు, శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియడం పోతుంది. లారీ హారన్ వినిపిస్తుంది, కానీ అది ముందుందో వెనకుందో పక్క వీధిలో ఉందో తెలియదు. మన రోడ్ల మీద దాటిపోయే బండ్లన్నీ కుడివైపు నుంచే దాటుతాయి. ఆమెకి పోయింది ఆ వైపు చెవే.

విశాఖపట్నం వెళ్ళి ఒక పరికరం తెచ్చాం. కుడివైపు శబ్దాన్ని పట్టి ఎడమచెవికి అందిస్తుంది. ఇంట్లో బాగానే ఉండేది. రోడ్డెక్కితే మాత్రం చెవిలో సంతే. దాని జోరు కొంచెం తగ్గించాలంటే కంపెనీవాళ్ళ ప్రోగ్రామే ఉండాలి, వాళ్ళ వైరే ఉండాలి, మళ్ళీ విశాఖపట్నమే వెళ్ళాలి. అలాంటి చిప్పులకి ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి నేను. నా భార్య చెవి మీదున్న దానికి మాత్రం ఒక్క మాట చెప్పలేకపోయాను. ఒళ్ళు మండిపోయింది. ఆమె దాన్ని తీసి బీరువాలో పెట్టేసింది.

సైకిలు హ్యాండిల్‌కి అద్దం పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టాం. అద్దంలో చూస్తుంటే ముందున్న ఆవు కనపడదు.

బడి కోర్టుపేట కూడలి దాటాక కుడివైపు సందులో ఉంది. ఆ కుడి మలుపు దగ్గరే భయమంతా. అందుకని రోజూ పొద్దున నేను ఆమె వెనకే సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి. మలుపు దగ్గర ఆమె నెమ్మదించేది, నేను వెనక్కి చూసి అరిచేవాణ్ణి, ఆమె తిరిగేది. సాయంత్రం మళ్ళీ అదే వరస. కొన్ని నెలలు అలాగే గడిచాయి. నాకు బాగానే ఉండేది, ఉన్నమాట చెప్పాలి. ఆమెకే బాగుండలేదు. ఒకరోజు పిల్లలు గేటు దగ్గర నన్ను చూసి, "టీచర్ని బడిలో దింపడానికి సార్ ఒచ్చారు" అని నవ్వారట. ఇంటికొచ్చాక ఆమె నవ్వుతూనే చెప్పింది గాని, అన్నం దగ్గర ఉన్నట్టుండి కంచం పక్కకి నెట్టింది.

"ఒకళ్ళు తోడుంటే గాని ఈధిలోకి ఎల్లలేనా నేను? ఇలాగే ఉండాలేటి ఇంక?"

ఆ రాత్రే వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ బయటికి తీశాను.

సీటు కింద వెనక్కి చూసే చిన్న రాడార్ ముక్క, హ్యాండిల్ పిడిలో ఫోన్లో ఉండేలాంటి వణికే మోటారు, మధ్యలో చిప్పు బిగించిన నా బోర్డు. వెనక ఏదైనా వస్తే పిడి వణుకుతుంది. మొదటినుంచీ ఒకటి గట్టిగా అనుకున్నాను, ఇది ఓపెన్ హార్డ్‌వేర్‌గానే ఉండాలని. అంటే బోర్డు నమూనా, విడిభాగాల పట్టీ, ప్రోగ్రామ్, అన్నీ ఇంటర్నెట్‌లో అందరికీ కనపడేలా పెట్టేయడం. ఎవరైనా చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పాడైతే విప్పి చూసుకోవచ్చు. బీరువాలో పడున్న ఆ పరికరం మీద నా కోపమంతా అలా తీర్చుకున్నాను.

ఆదివారం గోపాల్‌పూర్ రోడ్డు మీద పరీక్షించాం. ఖాళీ రోడ్డు. వెనక బస్సు వచ్చింది, పిడి వణికింది. ఆమె ముఖం వెలిగిపోయింది. మర్నాడు ఊళ్ళోకి తీసుకెళ్ళాం. బయల్దేరిన దగ్గర్నుంచి బడి గేటు దాకా ఆ పిడి వణుకుతూనే ఉంది. మరి బరంపురంలో వెనక ఏదీ రాని క్షణాలు ఎన్నుంటాయి?

"సెయ్యంతా తిమ్మిరెక్కిపోయింది. ఇది నాకేటి సెప్తున్నట్టు?" అంది.

నేను జల్లెడ పట్టడం మొదలుపెట్టాను. ఆగి ఉన్నవి వదిలెయ్యి, నెమ్మదిగా వచ్చేవి వదిలెయ్యి, అని చిప్పుకి నేర్పాను. వణుకు తగ్గింది. ఒకరోజు ఆమె కూడలి దగ్గర పిడి నిశ్శబ్దంగా ఉందని నమ్మి తిరిగింది. నెమ్మదిగా వచ్చే ఒక ఆటోని నా జల్లెడ వదిలేసింది. అతను బ్రేకు వేసి, "అపా, దెఖికి జాఅ!" అని ఒడియాలో అరిచాడు. చూసుకుని వెళ్ళమన్నాడు, పాపం అంతకన్నా ఏమీ అనలేదు. ఆటో ముందు చక్రం ఆమె చీర అంచుని ఒరుసుకుని ఆగింది. వెనక ఉన్న నేను సైకిలు అక్కడే పడేసి ఆమె దగ్గరికి పరిగెత్తాను.

ఆ సాయంత్రం ఆమె సైకిలు వసారాలో గోడకి ఆనించేసింది, మళ్ళీ తియ్యలేదు. మర్నాటినుంచి బావ కారు పంపించాడు. మంచివాడు, ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. ఆమె వెనక సీట్లో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు దగ్గరికి వెళ్ళే మనిషిలా కూర్చునేది. కారు వద్దన్నది నేను, ఆమెని కారెక్కించిందీ నా ప్రోగ్రామే. ఇంటికొచ్చాక బడి సంగతులు చెప్పడం కూడా తగ్గించేసింది.

కొన్నాళ్ళకి, ఒక సాయంత్రం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఆమె ఆగింది.

"నువ్వు ఎనక ఒచ్చినప్పుడు ఏటని అరిసేవోడివి?"

"ఏముంది, ఎల్లు అనేవాణ్ణి."

"అదే సెప్తన్నాను. బస్సొత్తంది, ఆటో ఒత్తంది అని ఒక్కనాడైనా సెప్పావా? ఏటీ లేనప్పుడు ఎల్లు అన్నావు. నువ్వు అనేదాకా నేను ఆగేదాన్ని. నీ మిషను ఒచ్చినవన్నీ సెప్తాది. నాకు అయన్నీ ఎందుకు? ఏటీ రానప్పుడు సెప్పమను."

అన్ని నెలలు నా నోటితో నేను చేసిన పనిని నేనే చూసుకోలేదు. మా నాన్న రైల్వే మనిషి. సిగ్నల్ తీగ తెగితే దాని చెయ్యి తనంతట తనే ఆగమనే స్థితికి వచ్చేస్తుందని చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో. ఇదీ అంతే, వెనక ఏదీ రానప్పుడే పిడి వణకాలి. బ్యాటరీ అయిపోనీ, వైరు ఊడిపోనీ, నా ప్రోగ్రామే తప్పిపోనీ, పిడి ఊరుకుంటుంది. ఊరుకుంటే ఆమె ఆగుతుంది. జల్లెడలన్నీ కొట్టేశాను. ప్రోగ్రామ్ సగానికి సగం తగ్గిపోయింది. అందరికీ కనపడేలా పెట్టిన పేజీలో మొదటి వాక్యం ఇలా రాశాను: ఇది ఏమీ చెప్పకపోతే ఆగండి.

మళ్ళీ ఆమె వెనకే వెళ్ళాను, ఈసారి నోరు మూసుకుని. కూడలి దగ్గర ఆమె ఆగేది. నేను వెనక్కి చూసి, ఇప్పుడు, అని లోపల అనుకునేసరికి ఆమె తిరిగేది. చాలా రోజులు అలా సరిచూసుకున్నాక ఒక శనివారం పొద్దున గేటు దగ్గర నాకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల నువ్వు రాకు."

ఆపూట బెంగళూరువాళ్ళతో మీటింగులో ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. ఫోన్ పక్కనే పెట్టుకుని, మోగితే భయం, మోగకపోతే భయం. మా వసారాలోంచి కూడలి కనపడదు, అయినా పదేపదే వెళ్ళి చూశాను. ఆమె బాగుండాలని ఎంత కోరుకున్నానో, నా అవసరం లేకుండా పోయిందని అంత దిగులుపడ్డాను. రెండూ నిజమే.

సైకిలు గంట గేటు దగ్గర వినిపించింది. ఆమె ముఖమంతా చెమట, చీర అంచుకి బురద. చాలా రోజుల తర్వాత ఆపకుండా మాట్లాడింది, పిల్లల గురించి, కూడలి గురించి, వెనక ఆగి దారిచ్చిన సిటీ బస్సు గురించి. టీ తాగాక అంది, "రేపు గోపాల్‌పూర్ రోడ్డుకి ఎల్దాం. ఇద్దరం."

నాకు ప్రాణం లేచొచ్చింది. "సరే. నేను నీ కుడిపక్క ఉంటాను. బళ్ళు అటునుంచే కదా వచ్చేది."

"ఒద్దు. కుడిపక్క నేను సూసుకుంటాను, నువ్వు ఎడంపక్క ఉండు" అంది. "కుడిపక్కుంటే నీ మాట నాకు ఇనపడదు. రోడ్డు మీద మనం కబుర్లు సెప్పుకుని ఎన్నాళ్ళయిందో సూడు."