ఖాదర్ సారు ఆలస్యంగా అడిగిన మాట

మొన్న సుబేదారిలో నేను పనిచేసే బస్తీ దవాఖానకు కొత్త ఇనుప స్టూళ్లు వచ్చాయి. ఊడ్చే ఆయమ్మ ఒకదాన్ని గచ్చు మీద ఈడ్చుకొస్తుంటే ఆ కీచుమనే చప్పుడుకు నా చేతిలోని బీపీ పట్టీ జారి కింద పడింది. మా ఊరు హసన్‌పర్తిలో ఖాదర్ డాక్టరు గదిలో స్టూలు అచ్చం అలాగే అరిచేది. ఆయన చనిపోయి కొన్నేళ్లయింది. ఆ గదిలో ఇప్పుడు ఎవరో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. నన్ను నర్సింగులో చేర్పించింది ఆయనే. అయినా ఆయన గుర్తొచ్చిన రోజు నాకు అన్నం సహించదు.

ఆయన దగ్గర పెద్ద మిషన్లేమీ ఉండేవి కావు. జ్వరమొచ్చినా, కాలు బెణికినా, కోడలితో గొడవై నిద్రపట్టకపోయినా మా వాడకట్టంతా ముందు ఆయన దగ్గరికే నడిచేది. మా అమ్మ లచ్చమ్మ ఆకుకూరలు అమ్మి నన్నూ తమ్ముణ్నీ సాకేది. గంప వాకిట్లో దించి, గడపలో నిలబడే తన బాధ చెప్పుకొనేది. ఒక కన్ను డాక్టరు మీద, ఇంకో కన్ను గంప మీద. "కూసో చెల్లె, నాడి చూడాలె" అని ఆయన స్టూలు జరిపేవాడు. "నిలవడితే నాడి కొట్టుకోదా అన్నా? మేకలొస్తయ్, జెల్ది చూడు" అనేది అమ్మ. ఆయన నవ్వుతూ లేచొచ్చి గడప దగ్గరే ఆమె చేయి పట్టుకొనేవాడు.

నేను నర్సింగు చదువుతున్నప్పుడు ఒక సెలవు నాడు అమ్మ వెంట వెళ్లాను. అమ్మ లోపలికి వచ్చి నేరుగా స్టూలు మీద కూర్చుంది. బయట మేక తోటకూర నములుతోంది. నేను అదిలించడానికి పరుగెత్తాను గానీ అమ్మ తల కూడా తిప్పలేదు. తిరిగి వచ్చేసరికి ఖాదర్ సారు ముఖంలో నవ్వు లేదు. స్టెతస్కోపు ఇంకా బల్ల మీదే ఉంది. "ఎన్ని దినాలసంది ఆయాసం?" అని అడుగుతున్నాడు. అమ్మ అప్పటిదాకా నోరే తెరవలేదు. ఆమెను ఎరగని డాక్టరుకు స్టూలు మీద కూర్చున్న ఒక ఆడమనిషి కనిపించేది, అంతే. ఈయనకు ఆమె కూర్చోవడమే రోగంలా కనిపించింది. పరీక్షించి, గుండె కవాటం చెడినట్టుందనీ, పెద్ద దవాఖానకు వెళ్లాలనీ, ఆపరేషను సర్కారు ఆరోగ్య కార్డు మీద అవుతుందనీ చెప్పాడు. అక్కడి డాక్టరుకు మా ముందే ఫోన్ చేశాడు. "ఫికర్ చెయ్యకు చెల్లె, రేపే పో" అన్నాడు. "అట్లనే అన్నా" అంది అమ్మ.

వెళ్లలేదు. నేను హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే బతుకమ్మ అయ్యాక అనేది, బతుకమ్మ అయ్యాక మెంతికూర మడి కోశాక అనేది. ఖాదర్ సారు దారిలో కనిపిస్తే "పోయినవా?" అని కేకేసేవాడట. "పోతా అన్నా" అంటూ అమ్మ గంప సర్దుకొని సాగిపోయేదట. చలికాలం ముదిరేసరికి ఆమె మంచం పట్టింది. అప్పుడు ఆయనే మా ఇంటికి వచ్చాడు. మంచం పక్కన నేల మీద కూర్చొని, మెల్లగా, "ఎందుకు పోతలేవు చెల్లె?" అని అడిగాడు.

అమ్మ మంచం నులకను వేలితో గీరింది. "ఇంట్ల కార్డు ఒక్కటే ఉన్నదన్నా. మా చిన్నోని గుండెల రంధ్రం ఉన్నది, జర పెద్దగైనంక ఆపరేషన్ చెయ్యాలన్నరు. నేను వాడుకుంటే వానికేం మిగులుతది?"

ఖాదర్ సారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అయ్యో పిచ్చి చెల్లె! అది ఒక్కసారి వాడితే ఒడిసిపోయేది కాదు. అండ్ల పైసలు ఏడాదికేడాది మళ్ల కొత్తగ వస్తయ్. ఈ యేడు నీకైతది, వచ్చే యేడు పోరనికైతది." నిజమేనా అన్నట్టు అమ్మ నా వైపు చూసింది. తలూపాను. అన్ని నెలల తర్వాత ఆ రోజు ఆమె మనసారా నవ్వింది. మరునాడే తీసుకెళ్లాం. గుండె ఇక ఆపరేషనుకు తట్టుకోలేదన్నారు. వారం తిరగకముందే అమ్మ పోయింది.

దినాల రోజు ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "రోగం జెప్పిన, దవాఖాన జెప్పిన. పోయినవా పోయినవా అని ఎన్నిసార్లు అడిగిన్నో. ఎందుకు పోతలేవని ముందే అడిగితే నా సొమ్మేం పోయేది బిడ్డా?" అన్నాడు. ఆ తర్వాత తమ్ముడి ఆపరేషను ఆ కార్డు మీదే జరిగింది. మాతో పాటు ఆయనా వచ్చి థియేటరు బయట కూర్చున్నాడు. పిల్లవాడు క్షేమమనీ, అంతా కార్డులోనే సరిపోయిందనీ చెప్పగానే గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. అమ్మ వాడుకొని ఉన్నా ఆ రోజు తమ్ముడికి ఏ లోటూ వచ్చేది కాదు. అది మా ఇద్దరికీ తెలుసు.

స్టూళ్లు వచ్చిన రోజే ఒక పెద్దమ్మ వచ్చింది. రొమ్ములో గడ్డ. పెద్ద దవాఖానకు పొమ్మని మా డాక్టరమ్మ చెప్పి అప్పటికే నెలైంది. ఇంకా వెళ్లలేదు. "పోతా బిడ్డా, పండుగెల్లనియ్యి" అంటూ గడపలోనే నిలబడింది. నాకు కోపం వచ్చింది, ఎప్పుడూ వస్తుంది. కొత్త స్టూలు ఆమె దగ్గరికి జరిపాను. అది మళ్లీ కీచుమంది.

"ఎందుకు పోతలేవు పెద్దమ్మా?" అన్నాను.

బయట జనం గొణుగుతున్నారు. పెద్దమ్మ తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది, మెల్లగా కూర్చుంది. నేను పెన్ను పక్కన పెట్టి ఆమె నోరు తెరిచేదాకా ఆగాను.