సీటు కోసం నోరు విప్పాను

మా నూజివీడులో ఎవరికి చెప్పినా ఒకటే మాట. "అంటే చిన్న డాక్టరన్నమాట!" కాదండీ బాబూ, కాదు. నర్స్ ప్రాక్టీషనర్. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఐసీయూలో పనిచేసి, ఆ తర్వాత పరీక్ష రాసి, ఇంటర్వ్యూ గట్టెక్కితే రెండేళ్ళు ఐసీయూలోనే ఉండి చదివే కోర్సు. ప్రాణం మీదికొచ్చిన మనిషి పక్కన నిలబడి, లోపల ఏం జరుగుతోందో కనిపెట్టి, డాక్టర్లతో కలిసి నిర్ణయం తీసుకునేంత చదువు. సీట్లు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు, అడిగేవాళ్ళేమో రెండు రాష్ట్రాల నిండా ఉన్నారు. ఇంత వివరంగా చెప్పాక, ఆటోలో నా పక్కన కూర్చున్నావిడ తలూపి, "ఏదైతేనేంలే, చిన్న డాక్టరేగా" అంది.

ఆ సీటు మీద నాకు ఎంత ఆశ ఉండేదో మాటల్లో చెప్పలేను. టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పని నాది. ఇంజెక్షన్ ఎప్పుడివ్వాలో తెలుసు, మెషీన్ ఎందుకు కూస్తోందో తెలుసు. కానీ ఈ మనిషికి ఈ మందే ఎందుకిచ్చారు, రేపు ఏం కావచ్చు అన్న దగ్గరికొచ్చేసరికి నా చదువు అయిపోయేది. అక్కడ ఆగిపోవడం నాకు ఒళ్ళుమంటగా ఉండేది.

మొదటి ఏడాది పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఇంటర్వ్యూకి హైదరాబాద్ రమ్మన్నారు. బయల్దేరేముందు మా నాన్న నన్ను పక్కకి పిలిచి సలహా చెప్పాడు. అక్కడే కొంప మునిగింది.

మా నాన్న మామిడితోటల బేరాలు కుదిరుస్తాడు. ముసునూరు చుట్టుపక్కల ఏ తోటలో పూత ఎలా ఉందో, ఏ రైతుకి ఏ షావుకారుతో పొసగుతుందో ఆయన్ని అడగాల్సిందే. ఈ బేరాల్లో ఒక పద్ధతుంది. ధర ఎవరూ ముందు చెప్పరు. తోటంతా తిరుగుతారు, కొమ్మలు చూస్తారు, వానల గురించి మాట్లాడుకుంటారు, టీ తాగుతారు. ఆఖరికి మా నాన్న భుజం మీది తుండు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పితే, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకుంటారు. ఇప్పుడు ఫోన్లొచ్చి తుండు పని తగ్గింది గానీ, ముందు బయటపడకూడదన్న పట్టుదల మాత్రం తగ్గలేదు. మా ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా ఎవరో ఒకరు అడిగేదాకా చెప్పం.

"అమ్మాయ్, అక్కడ ఆత్రపడకు," అన్నాడు నాన్న. "కావాలి కావాలి అంటే విలువ పోద్ది. నీ సంగతి నువ్వు చెప్పుకోకు. వాళ్ళనే అననీ."

నేను బుద్ధిమంతురాలిలా అలాగే చేశాను. బల్లకి అటువైపు ముగ్గురు కూర్చున్నారు. "ఈ సీటు నీకే ఎందుకివ్వాలి?" అనడిగారు. "నా మార్కులు మీ దగ్గర ఉన్నాయి కదండీ" అన్నాను. "నీలో ప్రత్యేకత ఏంటి?" అన్నారు. "మీరే చూసి చెప్పాలండీ" అని చేతులు కట్టుకుని కూర్చున్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బేరం నా వైపే మొగ్గుతోంది అనుకున్నాను, నా మొహం. నా వెనకాల వెళ్ళిన పిల్ల అరగంట సేపు గలగలా మాట్లాడుతుంటే తలుపవతల నుంచి వినబడుతూనే ఉంది. ఆ పిల్లకి సీటొచ్చింది, నాకు రాలేదు.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే నాన్న మంచం పక్కన కూర్చుని, "ఏం కాదులే తల్లీ, వచ్చే సీజన్‌కి వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు" అన్నాడు.

"నాన్నా, నేను కాయల లోడు కాదు!" అని అరిచాను. "అక్కడ నాలాంటోళ్ళు వందల మంది. ఎవరూ మన గుమ్మంలోకి రారు. ఇంకోసారి నాకు బేరాలు నేర్పించకు."

ఆయన లేచి బయటికెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం నా చదువు సంగతి ఎత్తలేదు.

ఇంట్లో ఈ గొడవైతే, ఆసుపత్రిలో మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఇంకో రకం. జరిగింది విని ముందు కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత తిట్టింది. "నీ గురించి నువ్వు చెప్పకపోతే ఎవరు చెబుతారే? గోడలు చెబుతాయా?" అంది. ఆ రోజు నుంచి డ్యూటీ దిగేముందు నన్ను ఆపి, "ఇవాళ నువ్వేం చేశావు?" అని అడగడం మొదలుపెట్టింది. "పేషెంట్లందరూ బాగున్నారండీ" అంటే ఒప్పుకోదు. "అది వాళ్ళ సంగతి. నీ సంగతి చెప్పు." అబ్బబ్బ, ఎంత సిగ్గేసేదో! నాలుక మడతపడేది. సొంత డప్పు కొట్టుకున్నట్టుందండీ అంటే, "కొట్టు, నేను వింటా" అనేది. చిరాకుపడుతూనే చెప్పేదాన్ని.

పూత సమయంలో మా వీధి చివరి బాబాయిని ఐసీయూకి తెచ్చారు. తోటల్లో పురుగుమందు కొట్టడం ఆయన పని. ఎండలో మాస్కు తీసేసి కొట్టాడట, ఆ మందు ఒంట్లోకి వెళ్ళిపోయింది. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, మాట లేదు. డాక్టర్లు విరుగుడు మొదలుపెట్టాక మర్నాటికి తేరుకున్నాడు. పిన్ని మొహంలోకి ప్రాణం వచ్చింది. ఆవిడకి తోడుగా మా నాన్న వరండాలో బల్ల మీద కూర్చునే ఉన్నాడు.

ఆ సాయంత్రం డ్యూటీ నాది. దిండు గలీబు మారుద్దామని, "బాబాయ్, కొంచెం తలెత్తు" అన్నాను. ఎత్తలేకపోయాడు. నీరసమేమో అనుకుంటే చేతులు గట్టిగానే ఉన్నాయి, నా వేళ్ళు బాగానే పిసికాడు. తల మాత్రం దిండు మీంచి లేవదు. "ఊపిరి తీసుకోకుండా అంకెలు చెప్పు బాబాయ్" అన్నాను. ఐదారు దగ్గరే ఆగిపోయాడు. పొద్దున డ్యూటీ సిస్టర్ చెప్పించినప్పుడు ఒకే ఊపిరిలో చాలా దూరం వెళ్ళాడని చార్టులో ఉంది.

డ్యూటీ డాక్టర్ గారికి ఫోన్ చేశాను. "ఆక్సిజన్ ఎంతుంది?" అన్నారు. "ఇప్పటికి బాగానే ఉందండీ. మెడ పడిపోతోంది, ఊపిరి కురచైంది. ఆక్సిజన్ తగ్గేదాకా ఆగకూడదండీ, మీరు ఇప్పుడే రావాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన పరిగెత్తుకుంటూ వచ్చారు. చూశారు. గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టేసరికి బాబాయి ఊపిరి తనంతట తాను అందుకోలేని స్థితికి వచ్చేశాడు. బయటికి వెళ్తూ డాక్టర్ గారు, "ఇంకాస్త ఆలస్యమైతే చేయి దాటిపోయేది. ఈ అమ్మాయి కనిపెట్టింది" అని పిన్నికి చెప్పారు. పక్కనే మా నాన్న ఉన్నాడు.

బాబాయి కోలుకుని నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు. ఆ రోజు నాన్న అన్నం తింటూ ఉన్నట్టుండి అడిగాడు. "తల ఎత్తలేకపోతే ప్రమాదమని నీకెలా తెలిసింది?" చెప్పాను. ఆ పురుగుమందు కొందరిలో తగ్గినట్టే తగ్గి మెడ కండరాల్నీ, ఊపిరి కండరాల్నీ పట్టుకుంటుందని, మొదట మెడలోనే బయటపడుతుందని. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు. "ఇదంతా ఆ హైదరాబాదోళ్ళకి తెలుసా?" అన్నాడు. "ఎవరు చెప్పారు కనక తెలియడానికి?" అన్నాను. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి, "ఈసారి అప్లికేషన్ పెడితే నేనూ వస్తా తల్లీ" అన్నాడు. నేను గబగబా మజ్జిగ తాగేశాను.

రెండోసారి ఇంటర్వ్యూ కోతల సీజన్లో పడింది. బేరాలన్నీ వదులుకుని నాన్న నాతో బస్సెక్కాడు. కారిడార్లో ఇస్త్రీ చొక్కా నలక్కుండా నిటారుగా కూర్చున్నాడు. అదే గది, అదే బల్ల, అదే ప్రశ్న. "ఈ సీటు నీకే ఎందుకివ్వాలి?"

ఈసారి చెప్పడం మొదలుపెట్టాను. దిండు గలీబు దగ్గర్నుంచి చెప్పాను. వాళ్ళలో ఒకాయన మధ్యలో ఆపి, "గొట్టం వేసింది డాక్టరు. బతికించింది వెంటిలేటరు. ఇందులో నువ్వు చేసిందేముంది?" అన్నారు. భలే కోపమొచ్చింది నాకు. "ముందు చూసింది నేను సార్," అన్నాను. "ఆక్సిజన్ బాగున్నా డాక్టర్ గారిని పిలిచింది నేను. అలా పిలవకపోతే ఆ వెంటిలేటర్ ఖాళీగా ఉండేది, మా బాబాయి ఉండేవాడు కాదు. నేను మంచి నర్సుని. ఇంకా మంచిదాన్ని కావాలి. ఈ సీటు నాకు కావాలి." ఆ తర్వాత అదే పురుగుమందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో ఇంకా లోతుగా అడిగారు. సగం చెప్పి, మిగతా సగం తెలియదన్నాను. అది నేర్చుకోవడానికే వచ్చానన్నాను. ఆయన ఏదో రాసుకున్నారు. నవ్వారో లేదో చూడలేదు.

సాయంత్రం ఆఫీసాయన కాగితం పట్టుకుని కారిడార్లోకొచ్చి పేర్లు చదివాడు. కారిడార్ నిండా మనుషులు. ఒకటి, రెండు, మూడు పేర్లు. నాది లేదు. నాలుగోది ఇంటిపేరుతో సహా నాదే. ఆయన ఇంగ్లీషు యాసలో చదివేసరికి నాన్నకి అర్థం కాలేదు. నా మోచేయి పట్టుకుని, "ఏంటమ్మా? ఇచ్చారా?" అనడిగాడు.

"ఇవ్వలేదు నాన్నా," అన్నాను. ఆయన మొహం వాడిపోయింది.

"తెచ్చుకున్నాను!"

గట్టిగానే అన్నాను. కారిడార్లో అందరూ తిరిగి చూశారు. చూడనీ.